వియ్యపురాలి కుర్చీ

మా అమ్మ పాట పాడి ఇరవై రెండేళ్ళయింది. చివరిసారి పాడింది నా పెళ్ళిలో. అది కూడా పూర్తిగా కాదు, ఒకటిన్నర చరణం.

అమ్మకు పాటలు వచ్చనే సంగతి నేను యూనివర్సిటీ పరీక్షల విభాగం కౌంటర్లో కూర్చుని ఒక విద్యార్థినికి చెప్పకుండా ఉండాల్సింది. కౌంటర్ అవతలి వాళ్ళతో "రేపు రండి" తప్ప ఇంకేమీ మాట్లాడకూడదని మా సూపరింటెండెంట్ ఊరికే అనడు.

ఆ అమ్మాయి పేరు అనూష. జర్నలిజం ఎం.ఏ. రెండో సంవత్సరం. మెమోలో ఇంటిపేరు తప్పు పడితే దిద్దించుకోవడానికి వచ్చింది. నేను రిజిస్టరు వెతికేలోపు తన గోడంతా వెళ్ళబోసుకుంది. వాళ్ళ ప్రొఫెసర్ నరహరి గారు ఈసారి పరీక్షకు బదులు ఆడియో డాక్యుమెంటరీ చేయమన్నారట. క్యాంపస్ చుట్టుపక్కల ఇళ్ళల్లో మిగిలివున్న ఆచారం ఒకటి పట్టుకోవాలి, ఆ ఇంటివాళ్ళ నోటితోనే చెప్పించాలి, మొత్తం పన్నెండు నిమిషాలు ఉండాలి. బాగా వస్తే క్యాంపస్ రేడియోలో వేస్తారు. అనూష పెళ్ళిళ్ళలో పాడే వియ్యాలవారి పాటలు ఎంచుకుంది.

"మస్తు తిరిగిన పద్మశ్రీ ఆంటీ. తార్నాకల తిరిగిన, మల్కాజ్‌గిరి పోయిన. పాట పాడుమంటే అందరు సినిమా పాటనే అందుకుంటున్రు. ఒక అమ్మమ్మ అయితే టీవీ సీరియల్ పాట పాడింది. అది గూడ మధ్యల యాడ్‌తోటి సహా."

"వియ్యపురాలిని ఎగతాళి చేసే పాటలేనా నీకు కావలసింది?" అన్నాను.

"గవే ఆంటీ! మీకొస్తయా?"

"నాకు రావు. మా అమ్మకు వస్తాయి."

అన్న తరువాత నాలుక కరుచుకున్నాను. అప్పటికే అనూష ఫోన్ తీసి మా ఇంటి అడ్రసు అడుగుతోంది.

మాది నాపరాళ్ళకు పేరుపడ్డ తాడిపత్రి. మా వైపు పెళ్ళిలో పెళ్ళికొడుకు తల్లి బంతిలో కూర్చోగానే ఆడపిల్ల తరఫు ఆడవాళ్ళు ఆకు చుట్టూ చేరి ఆమె మీద పాటలు కడతారు. ఆమె తిండి మీద, నగల మీద, నడక మీద. ఆమె నవ్వుతూ తినాలి. ఆ పాటలు కట్టడంలో మా అమ్మ కమలమ్మను మించినవాళ్ళు మా వీధిలో లేరు. పక్కవీధి పెళ్ళిళ్ళకు కూడా పిలుచుకుపోయేవాళ్ళు. అలాంటిది సొంత కూతురి పెళ్ళిలో, కోనసీమ నుంచి వచ్చిన మా అత్తగారు అమ్మాజీ గారి ఆకు ముందు, అమ్మ ఒకటిన్నర చరణం పాడిందో లేదో ఆవిడ పప్పన్నం మధ్యలోనే లేచి చెయ్యి కడుక్కుని విడిదికి వెళ్ళిపోయింది.

అమ్మ నోరు అప్పుడు మూసుకుంది. తరువాత ఎవరి పెళ్ళిలోనూ తెరవలేదు.

అప్పటినుంచీ ఇద్దరి మధ్యా మర్యాదే మర్యాద. "కాఫీ తీసుకోండి వదినగారూ." "ఇబ్బుడే తాగితి వదినా, మీరు తీసుకోండి." "అయ్యో, ముందు మీరు." ఇద్దరూ తిట్టుకుంటే మధ్యలో దూరి విడదీయవచ్చు. మర్యాదను ఎక్కడ పట్టుకుని విడదీస్తాం? ఒక కాఫీ గ్లాసు వాళ్ళ మధ్య చల్లారిపోయి, చివరికి నేనే తాగడం నాకు అలవాటైపోయింది.

నాన్న పోయాక అమ్మ తార్నాకలో మా ఫ్లాట్‌లోనే ఉంటోంది. అత్తగారు హబ్సిగూడలో మా మరిది ఇంట్లో ఉంటుంది. మధ్యలో ఒక్క మెట్రో స్టేషన్ దూరం. ఆ దూరం నా సంసారానికి దేవుడిచ్చిన వరం.

అనూష ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చింది. అమ్మ చేసిన ఉగ్గాణీ, బజ్జీలు రెండు ప్లేట్లు తిని, చెయ్యి కడుక్కుని అసలు విషయం ఎత్తింది.

"అమ్మమ్మా, గీ పాటలు మీతోటే పోతయి. రికార్డు చేసుకోవాలె."

"పోతే పోనీలేమ్మే. నేనేమన్నా ఈ పొద్దే పోతాండానా?" అంది అమ్మ.

"మర్చిపోయినవా ఏంది అమ్మమ్మా?" అని అనూష జాలిగా అడిగింది.

ఆ మాట అమ్మకు తగిలింది. మరుసటి శనివారం పొద్దున చూస్తే ధర్మవరం పట్టుచీర కట్టుకుని హాల్లో కూర్చుని ఉంది.

"రేడియోలో చీర కనపడదమ్మా" అన్నాను.

"నాకు కనపడతాది గదా" అంది.

అమ్మను క్యాంపస్‌లో రికార్డింగ్ గదికి చేర్చి నేను నా కౌంటర్‌కు వెళ్ళిపోయాను. ఆ రోజు లోపల ఏం జరిగిందో తరువాత అనూషా, మిషన్ దగ్గర కూర్చునే దాని క్లాస్‌మేట్ జశ్వంతూ చెబితే తెలిసింది.

అమ్మ ముందు మైకును చూసి బెదిరిందట. "ఈ ఉడతతోక ముందర పాడల్నా?" అందట. తరువాత గది నాలుగువైపులా చూసి, "ఎదురుగా ఎవురూ ల్యాకుండా ఎవురిని ఎగతాళి చేసేది? గోడనా?" అందట. అనూష వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు పెండ్లి గాని పిల్లవి. నిన్ను అనకూడదు."

"నన్ననుండ్రి అమ్మమ్మా, నాకేం ఫీలింగ్స్ లెవ్వు" అన్నాడట జశ్వంత్.

"మగోళ్ళ మీద వేరే ఉండాయి నాయినా. అవి నీ వయసుకు పనికిరావు."

చివరికి అమ్మే ఒక ఖాళీ కుర్చీ ఎదురుగా వేయించింది. క్యాంటీన్ నుంచి స్టీలు ప్లేటు తెప్పించి, తన చేతిసంచిలోంచి తమలపాకులు, వక్కలు తీసి అందులో పెట్టి, ఆ ప్లేటు కుర్చీలో పెట్టింది. "ఇది వియ్యపురాలి కుర్చీ. ఇంగ పట్టుకోండి మీ మిషను" అంది. నలభై నిమిషాలు ఆపకుండా పాడింది. అనూష చూపించిన కాగితం మీద సంతకం కూడా పెట్టింది, రేడియోలో వేసుకోవడానికి నాకు ఇష్టమే అని.

మధ్యాహ్నం ఇంటికి తీసుకొస్తుంటే ఆటోలో అమ్మ మొహం పదేళ్ళు చిన్నదైంది. నాకూ సంతోషంగానే ఉంది. ఆ సంతోషం తొమ్మిది రోజులు నిలిచింది.

ఆ మధ్యలో మా అత్తగారి కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. మరిది వాళ్ళది మూడో అంతస్తు, లిఫ్టు పాడైంది. మాకు లిఫ్టుంది. కాబట్టి రెండు వారాలు మా ఇంట్లో ఉండడానికి వచ్చింది. డాక్టరు టీవీ చూడొద్దన్నాడు, ఫోన్ చూడొద్దన్నాడు, వంగొద్దన్నాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని హాల్లో కుర్చీలో కూర్చుని ఆవిడ ఏం చేస్తుంది? మా ఆయన ఆత్రేయ అటక మీది పాత రేడియో దింపి, కొత్త బ్యాటరీలు వేసి తల్లి పక్కన స్టూలు మీద పెట్టాడు.

ఆ రేడియోలో అన్నిటికంటే స్పష్టంగా వినిపించేది క్యాంపస్ స్టేషనే. మా అత్తగారు పొద్దున్నుంచి అదే వినేది. గ్రూప్ టూ పాఠాలు, రక్తహీనత గురించి డాక్టరు సలహాలు, హాస్టల్ మెస్‌లో పప్పు పలచన గురించి విద్యార్థుల చర్చ, ఏదీ వదిలేది కాదు. "ఆ మెస్ కాంట్రాక్టరు దొంగ వెధవ అమ్మాయ్" అని అన్నం తింటూ నాతో అనేది.

సోమవారం ఆఫీసులో ఉండగా అనూష ఫోన్ చేసింది. "ఆంటీ, సెలెక్టయింది! గురువారం పొద్దుగాల ఎనిమిదింటికి. ఆడియో పంపిన, వినుండ్రి."

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ముందు అనూష గొంతు, వెనకాల మెట్రో చప్పుడు, తరువాత తమలపాకుల ప్లేటు కుర్చీలో పెట్టిన చప్పుడు. ఆ వెంటనే అమ్మ గొంతు, ఇరవై రెండేళ్ళ కింద నేను పీటల మీద కూర్చుని విన్న గొంతు.

*అమ్మాజి వదినొచ్చి ఆకు ముందర కూకుండె*
*పప్పేదని అడిగితే పక్కాకు చూపించె*
*దగ్గరున్న ఉప్పేమో కంటికానదంటదీ*
*దూరాన ఓలిగ గంప గద్దలాగ చూస్తదీ*
*ఏమి చూపులమ్మ వదినవి, ఏమి చూపులు!*

ఓలిగలంటే బొబ్బట్లు. అవి సరే. అమ్మాజీ అనే పేరు పన్నెండు నిమిషాల్లో తొమ్మిదిసార్లు వచ్చింది. పైగా పాటంతా కళ్ళ మీద! ఆపరేషన్ చేయించుకుని నల్లకళ్ళద్దాలతో మా హాల్లో కూర్చున్న మనిషి కళ్ళ మీద!

ఇంటికి వెళ్ళి అమ్మను వంటింట్లోకి లాగి తలుపు దగ్గరగా వేశాను.

"పేరెందుకు పెట్టావమ్మా?"

"పేరు ల్యాకుంటే అది పాటెట్లయితాదిమ్మే? ఉప్పులేని సంగటి మాదిరి ఉంటాది."

"వేరే పేరు పెట్టకూడదూ?"

"నాకు వియ్యపురాలు ఒకటే గదా ఉండేది" అంది. తరువాత హాలు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఆ యమ్మ వినదులే. హబ్సిగూడలో ఉంటాది గదా అనుకొని పాడితి. ఈడికొచ్చి రేడియో ముందర కూకుంటాదని నాకేం తెల్సు?"

"సరే, వెయ్యొద్దని ఆ పిల్లకు చెబుదాం."

"సంతకం పెట్టినంక ఎనక్కి పోతే ఆ పిల్ల మార్కులు ఏం గావల్ల?"

అలా అంది గాని అమ్మ తోమిన గిన్నే మళ్ళీ తోముతోంది. మళ్ళీ ఆవిడ లేచి వెళ్ళిపోతే ఇక ఈ జన్మలో ఆ ఇద్దరూ ఒక గదిలో కూర్చోరు. వాళ్ళిద్దరి మధ్య చల్లారిన కాఫీ తాగుతూ నేను ముసలిదాన్నవుతాను. అది అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

మంగళవారం మధ్యాహ్నం అన్నం మానుకుని జర్నలిజం డిపార్ట్‌మెంట్‌కు పరుగెత్తాను. పేర్లు తీసెయ్యమని బతిమాలాను. అనూష మొహం వాడిపోయింది. "పేరు తీస్తే తాళం పోతది ఆంటీ. పాటలే తీస్తే నాకు నాలుగు నిమిషాలు మిగుల్తది, అండ్ల గూడ రెండు నిమిషాలు మెట్రో."

"పేరొచ్చిన కాడ బీప్ ఏద్దాం" అన్నాడు జశ్వంత్. వేసి వినిపించాడు.

*కీఁ... వదినొచ్చి ఆకు ముందర కూకుండె...*

ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అది విన్నవాళ్ళెవరైనా మా అమ్మ అక్కడ రాయడానికి వీల్లేని బూతేదో తిట్టిందనుకుంటారు. ఒకసారి కాదు, తొమ్మిదిసార్లు.

"బీప్ వద్దులే బాబూ" అని లేచి వచ్చేశాను.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అత్తగారే నాకోసం ఎదురుచూస్తోంది. "అమ్మాయ్, గురువారం పొద్దున వియ్యాలవారి పాటలు వేస్తారట. ఇందాక చెప్పారు. నేను మర్చిపోతానేమో, గుర్తుచెయ్యి."

"అలాగే అత్తయ్యా" అన్నాను. వంటింట్లో అమ్మ చేతిలోంచి గరిటె జారి పడింది.

బుధవారం సాయంత్రం అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు రేడియో వెనక మూత తీసి రెండు బ్యాటరీలూ తీశాను. ఎక్కడ పెట్టాలో తోచలేదు. డ్రాయర్లో పెడితే ఆత్రేయ చూసి మళ్ళీ వేస్తాడు. బియ్యం డబ్బాలోకి చెయ్యి పెట్టి లోపలికంటా దూర్చేశాను.

గురువారం ఏడున్నరకు అత్తగారు కాఫీ తాగి రేడియో మీట తిప్పింది. చప్పుడు లేదు. ఇంకోసారి తిప్పింది. దాని నెత్తిన ఒకటి కొట్టింది.

"పలకట్లేదేంటమ్మాయ్?"

"బ్యాటరీలు అయిపోయినట్టున్నాయి అత్తయ్యా. సాయంత్రం తెస్తాను."

"మొన్ననేగా అబ్బాయి కొత్తవి వేశాడు!"

"ఈమధ్య వచ్చేవన్నీ నకిలీవే."

పేపరు చదువుతున్న ఆత్రేయ తలెత్తి, "నేను తెచ్చినవి మంచి..." అన్నాడు. నేనొక చూపు చూశాను. "నకిలీవేనమ్మా" అని మళ్ళీ పేపర్లో తల పెట్టాడు. పాతికేళ్ళకు దగ్గరపడ్డ సంసారంలో ఆ మాత్రం శిక్షణ ఉంటుంది.

అత్తగారు నల్లకళ్ళద్దాల వెనక ఏమనుకుందో తెలియలేదు. నేను గండం గడిచిందని తలస్నానానికి వెళ్ళాను. తల తుడుచుకుంటూ బయటికి రాబోయేసరికి తలుపు అవతలినుంచి అనూష గొంతు వినిపించింది. "తార్నాకల ఒక ఫ్లాటు. వంటింట్ల నుంచి ఉగ్గాణీ వాసన..."

తలకు చుట్టిన తువ్వాలు ఊడిపోతున్నా పట్టించుకోకుండా హాల్లోకి పరుగెత్తాను. రేడియో మోగుతోంది. దాని పక్కన మా అమ్మ నిలబడి ఉంది. ఒక చేతిలో బియ్యం శేరు, ఇంకో చేతిలో రేడియో వెనక మూత. శేరుతో బియ్యం కొలవబోతే బ్యాటరీలు చేతికి తగిలాయి. అవి ఎవరు దాచారో, ఎందుకు దాచారో అమ్మకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఎందుకమ్మా?" అన్నాను పెదవులతో మాత్రమే.

"ఆ యమ్మ మీద పాడిన పాట ఆ యమ్మ వినకుంటే ఎట్లమ్మే?" అంది అమ్మ, మామూలు గొంతుతోనే. "ఆ పొద్దు ఖాళీ కుర్చీకి పాడితి. ఇంటికొచ్చినంక నాకు అన్నం సహించలే."

ఇంతలో పాట మొదలైంది. పేరు వచ్చింది. ఉప్పు వచ్చింది, గద్ద వచ్చింది. నేను గోడకు ఆనుకుని అత్తగారి మొహం వైపే చూస్తున్నాను. ఆ నల్లకళ్ళద్దాల్లో నాకు ఫ్యాను తప్ప ఇంకేమీ కనబడలేదు. రెండో చరణం సగంలోకి వచ్చింది. సరిగ్గా ఆ సగంలోనే, ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. తన గదిలోకి వెళ్ళిపోయింది.

"లేచిపాయ" అంది అమ్మ. శేరులోంచి బియ్యం కాళ్ళ మీద పడుతున్నా చూసుకోలేదు. "మళ్ళా లేచిపాయ."

ఆత్రేయ పేపరు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి అద్దం తలుపు వేసుకున్నాడు.

నేను గదిలోకి వెళ్ళేసరికి అత్తగారు మంచం కిందినుంచి సూట్‌కేసు లాగడానికి వంగుతోంది.

"అత్తయ్యా, వంగకూడదు! కోపమొస్తే నన్ను తిట్టండి గాని ఇప్పుడు హబ్సిగూడ వెళ్ళొద్దు, లిఫ్టు కూడా..."

"వంగకూడదా? అయితే నువ్వు వంగు. అడుగున ఎర్ర అట్ట డైరీ ఉంటుంది, తియ్యి."

తీశాను. ఏదో బ్యాంకువాళ్ళు ఎప్పుడో ఇచ్చిన డైరీ. ఫోన్ నంబర్లు, శ్లోకాలు, తద్దినాల తిథులు అన్నీ అందులోనే రాసుకుంటుంది, ఎక్కడికెళ్ళినా వెంట ఉంటుంది.

"ఆఖరి పేజీలు చూడు. నాకు కనబడదు, నువ్వే చదువు."

చివరి నాలుగు పేజీల్లో వేరెవరిదో గుండ్రటి చేతిరాత. పైన శీర్షిక: *కమలమ్మగారికి జవాబు.*

ఆ శీర్షిక పైకి చదివాను.

"పెళ్ళయ్యాక మా చెల్లెలు కట్టి రాసిచ్చింది" అంది అత్తగారు మంచం మీద కూర్చుంటూ. "నాకు గొంతుంది గాని మాట కట్టడం రాదు. కట్టేది అదే. మీ పెళ్ళికి దాన్ని ఒక రోజు ముందే రమ్మన్నాను. గుంతకల్లులో దిగాల్సిన మనిషి నిద్రపోయి బళ్ళారి వెళ్ళిపోయింది! అది వచ్చేసరికి అప్పగింతలు కూడా అయిపోయాయి. మీ అమ్మగారు ఆకు ముందుకొచ్చి పాటందుకున్నారు. జవాబు లేదు నా దగ్గర. ఏం చెయ్యమంటావు? మా వైపు జవాబు చెప్పలేని వియ్యపురాలు ఆకు ముందు కూర్చోకూడదు, లేచిపోవాలి. ఓడిపోయానని ఒప్పుకోవడం అది."

"ఓడిపొయ్యేదా?" అని గుమ్మం దగ్గర్నుంచి వినిపించింది. అమ్మ శేరుతో సహా అక్కడే నిలబడి ఉంది. "మా తట్టు లేచిపోతే అలిగినట్లు వదినా!"

"అలగడమేంటండీ? నేనెందుకు అలుగుతాను? పాట బ్రహ్మాండంగా ఉంది. అందుకేగా ఓడిపోయింది!"

అమ్మ శేరు కింద పెట్టింది. తరువాత, "అయితే ఇరవై రెండేండ్లుగా నేను గెల్చినట్లా?" అంది.

"గెలిచినట్టే."

"ఆ మాట ముందే చెప్పకూడదా వదినా! నేను ఎవురింట్లోనూ నోరెత్తకపోతి."

"ఓడిపోయానని ఎవరైనా ఫోన్ చేసి చెబుతారా వదినగారూ?" అంది అత్తగారు. "అయినా నా కన్ను మీద పాడారే!"

"ఆ చరణం పాతదే. మీ కండ్లు బాగున్నెప్పుడే కట్టింటి."

"ఆటో పిలవమ్మాయ్" అని అత్తగారు నావైపు తిరిగింది. "ఆ రేడియో పిల్ల దగ్గరికి. నేను జవాబు చెప్పాలి."

ఆటో ఆ రోజు పిలవలేదు. డాక్టరు చెకప్ అయ్యేదాకా కదలనివ్వనని నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను. మా ఆయన బాల్కనీ తలుపు కొంచెం తెరిచి, "లోపలికి రావచ్చా?" అని అడిగాడు.

శనివారం రికార్డింగ్ గదిలో అదే కుర్చీ, అదే స్టీలు ప్లేటు. అమ్మే స్వయంగా తాంబూలం పెట్టి, ప్లేటు తీసి అత్తగారి చేతిలో ఉంచి, ఆవిడను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఆవిడ నల్లకళ్ళద్దాలతో నిటారుగా కూర్చుంది. "సీఐడీ ఆఫీసర్ లెక్కున్నది" అని జశ్వంత్ గొణిగితే, "ఆ అబ్బాయిని తరువాత చూస్తాను" అంది ఆవిడ. మైకు అన్నీ పట్టేస్తుందని వాడికి ఇంకా తెలిసినట్టు లేదు.

చిక్కల్లా డైరీతోనే వచ్చింది. ఆవిడకు అక్షరాలు కనబడవు. నేను వెనక నిలబడి ఒక్కో చరణం చెవిలో చెప్పాలి, ఆవిడ పాడాలి. కన్నతల్లిని తిట్టే మాటలు అత్తగారి చెవిలో ఊదే భాగ్యం ఏ కూతురికి దక్కుతుంది?

*నాపరాళ్ళ ఊరిలోన నాకు విందు పెట్టిరి*
*ముద్ద ఏదొ బండ ఏదొ పోల్చుకోలేకుంటిని*
*కొరికి చూస్తే పన్ను ఊడె, కొట్టి చూస్తే మోగెను*
*కమలమ్మా నీ సంగటి కట్టడానికి పనికొచ్చు*
*ఏమి విందులమ్మ వదినవి, ఏమి విందులు!*

అత్తగారి గొంతు అంత బాగుంటుందని నాకు ఈ ఇరవై రెండేళ్ళలో తెలియదు. హారతి పాట కూడా గొణుక్కునే పాడేది. అమ్మ నోరు తెరుచుకుని వింది. తరువాత నావైపు చూసి, "ఇవన్నీ నువ్వేనా చెవులో చెప్తాండేది? నా కడుపున పుట్టి!" అంది.

"నేను చదువుతున్నానంతే అమ్మా."

"సంగటి మీద చదవనీకి నోరెట్లొచ్చె నీకు?" అని, ఊపిరి కూడా తీసుకోకుండా అప్పటికప్పుడు కట్టింది.

*పన్ను ఊడిన వదినకు పాయసమే పెడదునా*
*కూరలోన కొబ్బరి, చారులోన కొబ్బరి*
*కోనసీమ అమ్మాజికి కొబ్బరే లోకమాయె*
*మా పిల్ల మెడ తాడూ కొబ్బరి పీచేనా?*
*ఏమి సంపదమ్మ వదినది, ఏమి సంపద!*

నా చెయ్యి తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్ళింది. అనూష నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. జశ్వంత్ అద్దం అవతల బల్ల కింద దూరి కనబడకుండా నవ్వుతున్నాడు. నరహరి గారు చప్పుడేమిటని తలుపు తీసి చూసి, అక్కడే నిలబడిపోయారు.

డైరీలో నాలుగు పేజీలూ అయిపోయాయి. చెల్లెలు కట్టిన చరణాలు అక్కడితో ఆఖరు. ఆ చెల్లెలికి ఇప్పుడు పాటలే కాదు, మనుషుల పేర్లు కూడా గుర్తుండడం లేదని అత్తగారు అంతకుముందు రోజే చెప్పింది. నేను డైరీ మూశాను. జవాబు లేకపోతే లేచిపోవాలి. అత్తగారు కుర్చీ చేతుల మీద చేతులు వేసింది కూడా.

అప్పుడు అమ్మ ఒక పని చేసింది. తన పాట ఆపి, ముందుకు వంగి, "వదినా, కూకోండి. మాట నేనందిస్తా, మీరు పాడండి" అంది.

"మీ మీద మీరే కడతారా?"

"నా మీద యాల? మనిద్దురి మజ్జలో ఇంగోటి ఉండాది గదా."

ఇద్దరూ కలిసి నావైపు తిరిగారు. ఒకరు మామూలు కళ్ళతో, ఒకరు నల్లకళ్ళద్దాలతో. నేను డైరీని గుండెలకు అడ్డం పెట్టుకున్నాను. అమ్మ ఒక్కో ముక్క అందిస్తుంటే అత్తగారు గొంతెత్తి పాడింది.

*పెద్ద చదువు పద్మశ్రీ ఉపాయమొకటి పన్నెను*
*రేడియోలో బ్యాటరీలు బియ్యంలోన దాచెను*
*అత్త వింటే ముప్పంట, అమ్మ పాడితే తప్పంట*
*శేరు పెట్టి కొలవబోతే బ్యాటరీలు దొర్లెను*

"ఏమి తెలివమ్మ కూతురిది!" అని అమ్మ అందుకుంది. "ఏమి తెలివమ్మ కోడలిది!" అని అత్తగారు అందుకుంది. ఆ రెండు ముక్కలూ మార్చి మార్చి ఎన్నిసార్లు పాడారో నేను లెక్కపెట్టలేదు. లేచిపోదామంటే నాకు కుర్చీ కూడా లేదు, నిలబడే ఉన్నాను.

రెండు వారాల కోసం వచ్చిన అత్తగారు హబ్సిగూడలో లిఫ్టు బాగైందని మరిది ఫోన్ చేసినా, "ఉండరా, పనుంది" అని పెట్టేసింది. ఇప్పుడు మా ఇంట్లో కాఫీలు చల్లారడం లేదు. నాకే మిగలడం లేదు.

అనూష రెండో డాక్యుమెంటరీ కూడా సరిగ్గా పన్నెండు నిమిషాలే చేసింది. అత్తగారి గొంతు పెట్టింది, అమ్మ జవాబు పెట్టింది, నరహరి గారి మాటలు కోసేసింది. నా చరణం మాత్రం పూర్తిగా ఉంచింది, పల్లవితో సహా. "గదే హైలైట్ ఆంటీ" అంది.

అది రేడియోలో వచ్చిన మర్నాడు కౌంటర్ దగ్గరకు ఒక కుర్రాడు వచ్చాడు. డిగ్రీ మెమో కావాలట. రిజిస్టరు చూశాను, బీరువా చూశాను, కనబడలేదు.

"మేడమ్" అన్నాడు వాడు చాలా వినయంగా, "ఒకసారి బియ్యంల చూస్తరా?"

వెనక క్యూ అంతా గొల్లుమంది. నేను కళ్ళజోడు సర్దుకుని, మా సూపరింటెండెంట్ నేర్పిన ఒకే ఒక్క మాట అన్నాను.

"రేపు రండి."